చిటికెన వేలు

చిల్వా సరస్సు మీద ఇంకా తెల్లారలేదు.
దోనెలో ఎనిఫా, ఒళ్లో నీలం డబ్బా,
డబ్బాలో మంచు, మంచులో మందు.
చర్చి స్త్రీల సమాజపు తెల్ల రవికె ఇస్త్రీ నలగలేదు కానీ
నల్ల పావడా మాత్రం మోకాళ్ల దాకా తడిసింది.

తెడ్డువాడు అడిగాడు:
"ఇది పాస్టరు గారి పనా, సర్కారు పనా?"
"పిల్లల పని. తొందరగా వెయ్యి, ఐసు కరుగుతోంది."

తేలే రెల్లు తెట్టెల మీద జాలరి గుడిసెలు.
చదువు రాదు తనకి,
ఇంటికో మొక్కజొన్న గింజ కొంగున ముడేసుకుంది.
సూది నర్సుది,
వణికే భుజం ఎనిఫాది.

ఒక పిల్ల సూదికి ఏడవలేదు,
వేలికి పూసే ఊదా సిరాకు ఏడ్చింది.
"ముందు నువ్వు పూయించుకో, అవ్వా!"
పూయించుకుంది.
అరవై మూడేళ్ల గోటికి ఆ రంగు కొత్త.

మక్వింజా వల అల్లుతూ తలెత్తలేదు.
"మావాడికొద్దు."
ఆమె వాదించలేదు.
వల రెండో కొస పట్టుకుని కాసేపు కూర్చుంది.
ఆ ఇంటి గింజ ముడిలో వెయ్యలేదు,
రవికె మడతలో దోపుకుంది.

ఆదివారం
చేతులెత్తి ప్రార్థించమంటే
పిల్లలందరూ చిటికెన వేళ్లెత్తారు.
పాస్టరు నవ్వాపుకోలేక
ఆమెన్ ముందే అనేశాడు.

చివరి బల్ల మీద మక్వింజా కొడుకు
చెయ్యి చొక్కా కింద దాచుకున్నాడు.

ఎనిఫా చూసింది.
చూడనట్టు పాటల పుస్తకం తెరిచింది,
తలకిందులుగా.
రేపటి దోనెకు ఎవర్నడగాలా అనుకుంటుంటే
రవికె మడతలో గింజ
గుచ్చుకుంది.