అర మాత్ర

పెదవాల్తేరు మందుల షాపు కుర్రాడు
చీటీ రెండుసార్లు చదివి
పిల్లకా? అన్నాడు.
పిల్లకే.

అంతకుముందు రెండు నెలలు రంగులు మానిపించాను
ఎర్ర జెల్లీలు, నారింజ సోడా, బండి మీద ఐసుగోళా.
పొద్దున్నే చోడి అంబలి.
అత్తమ్మ నానబెట్టిన బాదంపప్పులంది,
కింద వాటా అప్పలకొండమ్మ చేప తలకాయంది.
ఇన్ని తిని కూడా నూకరత్నం
కూడిక మధ్యలో లేచిపోయి
డాబా మీంచి ఓడలు లెక్కపెట్టేది.
"పదకొండమ్మా! ఒకటి నిన్నట్నుంచి కదల్లేదు."

సోమవారం నుంచి అర మాత్ర.
గీత మీదే విరిచినా
సరిగ్గా సగం అవదు.
రాలిన పొడి
దాని నాలుక్కి రాయాలో, కొంగుకి తుడిచేయాలో
కాసేపు అలాగే నిలబడ్డాను.

గురువారానికి పేజీ నిండింది.
టీచరు పెట్టిన గుడ్డు
పడుకునేదాకా తెరిచే ఉంచుకుంది పిల్ల.
బీచి రోడ్డులో మురీ మిక్చరు మాత్రం
నాలుగు గింజలు నమిలి నాకిచ్చేసింది.
ఓడలెన్నే? అన్నాను.
"చూడలేదు."

బరువు, నిద్ర, ఆకలి
రోజూ రాసి తెమ్మన్నారు డాక్టరమ్మ.
ఇరవై ఒకటిన్నర కిలోలు. తొమ్మిది గంటలు. తక్కువ.
ఓడలకి గడి లేదు.
మార్జిన్‌లో రాశాను.