పన్నెండో సీసా

ప్రతి జూన్‌లోనూ ఇద్దరొస్తారు,
కొత్త రబ్బరు బూట్లతో, అట్ట నలగని నోటుపుస్తకాలతో.
నేను పడవవాణ్ణి.
ఈ అరౌసా ఖాతంలో ఇరవైరెండు వేసవులుగా
వాళ్ళకి మొదట నేర్పేది ముడి వేయడం.
నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలకీ అది రాదు.

ఈసారి బ్రెయిషో, సబేలా.
మొదటిరోజే బ్రెయిషో పడవ అంచు మీద వాలి
పొద్దున తిన్నదంతా చేపలకు అప్పజెప్పాడు.
రెండోరోజూ అంతే, మూడోవారమూ అంతే.
చేతిలో గొట్టం మాత్రం వదల్లేదు,
వాడి గురించి అది చెప్పి తీరాలి.

సబేలా తల్లిని రేవంతా ఎరుగుదురు.
యూకలిప్టస్ దుంగల తెప్ప మీద
ఆల్చిప్పల తాళ్ళు లాగి లాగి
భుజం ఒకటి కిందికి జారిన మనిషి, కార్మే.
లా కాలేజీలో సీటు ఖాయం చేసుకునే వచ్చింది పిల్ల.
మరి ఇక్కడికెందుకమ్మా అంటే
"ఆరు వారాలకి డబ్బులిస్తామన్నారు" అంది.

గొట్టం దించు, బిగించు, లాగు,
సీసాలో పొయ్యి, అయోడిన్ చుక్కలెయ్యి.
నీళ్ళు పలచటి టీ రంగుకి తిరుగుతాయి.
ఇక రాత్రంతా కదపకూడదు,
కంటికి కనబడనివి అడుక్కి దిగాలి.

జులై పంతొమ్మిది.
డీజిల్ రసీదు మీద సంతకం కోసం
ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాను.
మైక్రోస్కోప్ మీద సబేలా, ఎడంచేతిలో లెక్కల మిషను.
టిక్.
టిక్ టిక్.
తర్వాత రేకు మీద వడగళ్ళు.
తర్వాత ఏమీ లేదు.
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.
తన అంకె చెప్పకుండా బ్రెయిషోని కూచోబెట్టింది.
నీళ్ళ మీద నిమిషం నిలవని కుర్రాడు
రెండు గంటలు రెప్ప ఆర్పలేదు.
ఇద్దరి లెక్కకీ తేడా నాలుగు.

పన్నెండో గుర్తు దగ్గరే కార్మే తెప్ప.

"సంతకం నేను పెడతాలే" అంది పెద్దమేడమ్ ఉషీయా.
"లెక్కపెట్టింది నేను" అంది సబేలా.

సాయంత్రానికి రేవు బోర్డు మీద ఎర్రగీత.
క్రేన్లు మెడలు వంచుకుని ఆగిపోయాయి.
కార్మే వచ్చింది, ఆప్రాన్ విప్పకుండానే.
"ఎన్ని?"
కూతురు చెప్పింది.
తల్లి ఆ అంకెని ఒకసారి తనలో అనుకుని వెళ్ళిపోయింది.
పదకొండు రోజులు ఆ ఇంట్లో
ఎవరూ ఎవర్నీ ఉప్పు అందించమనలేదట.

పన్నెండోనాడు తెల్లారకుండానే ల్యాబ్ తలుపు తట్టింది కార్మే.
ఏ కన్ను మూయాలో తెలీక
రెండూ మూసి, రెండూ తెరిచి, చివరికి చూసింది.
"ఇంతేనా ఇవి?" అంది.
చాలాసేపటికి,
"నగల్లా ఉన్నాయి, దొంగపీనుగులు."
సబేలా నవ్వుతూ ముక్కు చీదుకుంది.

బ్రెయిషో ఇప్పుడు జీవశాస్త్రం చదువుతున్నాడు,
కదలని కుర్చీ ఉండే ఉద్యోగం కావాలట.
సబేలా లా కాలేజీకే వెళ్ళింది.
సముద్రం లాక్కుందని చెబితే వినడానికి బావుండేది,
లాక్కోలేదు.

కాకపోతే సోమవారాలు ఫోన్ చేస్తుంది.
బోర్డు మీద ఏముంది, గాలి ఎటు,
తెప్ప మూతబడ్డ రోజుల కూలి ఎవరిస్తారని
పాత కాగితాలేమైనా ఉన్నాయా అని.
నిన్న ఉన్నట్టుండి అడిగింది,
ఆ సీసా పారబోశారా అని.

లేదు.
నా స్టీరింగు పక్కన, సిగరెట్ పెట్టె వెనకాల ఉంది.
అల వచ్చినప్పుడల్లా
అడుగున దిగినవన్నీ ఒకసారి పైకి లేస్తాయి.