కుడితి బకెట్టు

పెదకాకాని దాటి కాలవ గట్టు దిగితే
మస్తాన్‌బీ కొట్టం.
రెండు గేదెలు, ఒక సంకర ఆవు.
ఆవు గంగడోలు మడతల్లో
నానిన శనగల్లా పిడుదులు.

"మందు దొంగది," అంది బండి దిగకముందే.
"సీసాలో నీళ్లు పోసి అమ్మాడు
పట్నంబజారు కొట్టువాడు."
కొంగుముడి విప్పి ఇచ్చిన డబ్బు
ఆమె గొంతులో ఇంకా గలగలమంటోంది.

సీసా చూశాను. సీలు అసలుదే, తేదీ ఉంది.
ఆవు కనురెప్ప మడిచి చూశాను.
ఎరుపంతా పిడుదులే తాగేసి
వెల్ల వేసిన గోడలా ఉంది లోపల.
చివరికి, ఎందుకో, బకెట్టు చూశాను.

బియ్యం కడుగు, గంజి, నిన్నటి పులుసు అడుగు,
మూడు రోజుల పులుపు
అంచుకి జిగటగా పట్టిన కుడితి బకెట్టు.
"ఇందులోనే కలిపావా అక్కా?"
"మరి దేన్లో కలపను, నీ హెల్మెట్టులోనా?
పొద్దున కలిపా. పాలవాడొచ్చాడు,
గడ్డి బండొచ్చింది. పొద్దుగూకాక పూశా."

సంచిలో లిట్మస్ కాగితం ఉంది,
ఇంటర్ చదివే మేనల్లుణ్ణి అడిగి తెచ్చుకున్నది.
అడుగున మిగిలిన నీళ్లలో ముంచాను.
నీలం కాగితం
మిర్చి యార్డులో అడుగుపెట్టిన కన్నులా
ఎర్రబడింది.

గోంగూర లేనిదే ముద్ద దిగని చోట
పులుపుది తప్పని ఎలా చెప్పను?
ఈ మందుకి పులుపు పడదక్కా.
నువ్వు గడ్డి మోపులు దించేలోపే
బకెట్టులోనే విడిపోయి, చచ్చిపోయింది.
పొద్దుగూకాక నువ్వు ఆవుకి పూసింది
వాసన మాత్రమే.

"మరి కిందటేడు మందో?"
అది వేరే. దానికి పులుపుతో పేచీ లేదు,
సబ్బు నురగ రానీయని
మీ బోరు చవిటి నీళ్లే దాన్ని తినేశాయి.

ఆమె ఆవు వీపు మీద చెయ్యేసి
కాసేపు ఆలోచించింది.
"అయితే మందుక్కూడా పథ్యం ఉందన్నమాట."

ఇరవై ఆరేళ్ల సర్వీసులో
ఏ ట్రైనింగులోనూ
ఇంత చిన్న మాట నాకు దొరకలేదు.

బకెట్టుని బూడిదతో తోమింది, రెండుసార్లు.
కొత్త నీళ్లు, కొత్త మందు.
ఆకువక్కల సంచిలోంచి సున్నం డబ్బా తీసి
వేలి కొసన ఇంత పట్టుకుని,
"చాలా?" అంది.
ఏం చెప్పను? నా పుస్తకంలో
వేలి కొసలకి లెక్క లేదు.
కాగితం ఎరుపు వదిలి నెమ్మదిగా
నీలానికొచ్చేదాకా కలిపి, ఆగాం.
ఆరకముందే పూశాం. ఆవు నా కాలు తొక్కింది.

వారం తర్వాత ఫోను.
"రాలుతున్నాయి. కోళ్లని గంప కింద పెట్టా,
ఏరుకు తింటాయేమోనని."
కళ్లెలా ఉన్నాయి?
"ఇంకా తెల్లగానే."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
అవతల ఆవు గడ్డి నములుతున్న చప్పుడు.
"గోడ పగుళ్లలో గుడ్లున్నాయి కదా," అంది,
"వాటి పథ్యమేంటో కనుక్కుని రా."