ఏడు అంకె ఉన్న గుండీ

మెడ్వే నదికి ఇవతల పెట్లీ గారి పొలంలో
ఫిబ్రవరి ఆదివారాలు నావి.
హాప్స్ తీగలు దించేశాక మిగిలిన స్తంభాల మధ్య
యంత్రాన్ని ఊపుకుంటూ నడుస్తాను.
చెవుల్లో ఈగ ముసిరినట్టు ఒకటే మోత.
దొరికేది చాలామటుకు చెత్తే:
సీసా మూత, గొర్రెల తొట్టి మేకు,
ఎవరో మింగిన మాత్రల రేకు.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపినవాణ్ణి,
ఖాళీ సీట్ల కింద వెతకడం నాకు కొత్త కాదు.

మొన్న మోత మారింది.
జానెడు లోతు. నల్లమన్ను. దాని కడుపులో
గోరంత చిలుం పచ్చ.
ఉమ్మితో తుడిచాను, తుడవకూడదని తెలిసే.
తాడు చుట్టిన బాకా ఒకటి,
దాని వంపులో ఏడు అంకె.
ఏడుకు ముందు ఇంకో అంకె ఉండేదేమో,
అక్కడ మన్ను కొరికేసింది.

ఇల్లు చేరేలోపే వాడికి ప్రాణం పోశాను.
పద్దెనిమిదేళ్లు, ఎర్రజుట్టు, బాకా ఊదేవాడు.
ఈ చేలోనే పడిపోయాడు,
ఊదబోయిన పిలుపు పెదవి మీదే ఉండగా.
సింకు దగ్గర పళ్ల బ్రష్షుతో రుద్దుతుంటే
నా కళ్లు తడిశాయి, అబద్ధమెందుకు.

గురువారం, పైకప్పు కారే మ్యూజియం గదిలో
ఎనిడ్ క్లాగెట్ కంటికి భూతద్దం బిగించుకుంది.
ఎనభై మూడేళ్ల మనిషి.
ఒళ్లోని బిస్కట్ పొడి దులుపుకుని
బాకా వైపు చూడనే లేదు, తిరగేసింది.
"బొమ్మని అందరూ చూస్తారు.
గుండీ నిజం చెప్పేది వీపుతోనే."

వీపు మీద చేసినవాడి ఊరి పేరు సగం,
ఇంకా ఊడని కాడ,
కాడ పక్కన వాలుగా ఒక గీత.
"కత్తిగాటు" అంది.
నా కుర్రాడి పక్కటెముకల్లో చలి పుట్టింది.
"కంగారు పడకు. యుద్ధంలోది కాదు.

పాతబడ్డ సైన్యం కోట్లు మూటలుగా యార్క్‌షైర్ మిల్లులకి పోయేవి.
బల్లల ముందు ఆడవాళ్లు.
గుండీలు కోసి ఒక బుట్టలో, గుడ్డ ఒక బుట్టలో.
ఆ గుడ్డని పీకి, ఏకి, మళ్లీ నేసేవారు.
నేతకి రాని పీచూ, దుమ్మూ, జిడ్డు పేలికలూ
రైలెక్కి ఇక్కడికి ఎరువుగా వచ్చేవి.
ఉన్ని నింపాదిగా కుళ్లుతుంది, హాప్స్‌కి అదంటే ప్రాణం.
ఆ పొలంలో ఎవరూ చావలేదు నాయనా.
కోటొకటి కుళ్లింది, అంతే."

నేనేం మాట్లాడలేదు.
ఎర్రజుట్టు వాడు లేచి, మోకాళ్లు దులుపుకుని
ఎటో వెళ్లిపోయాడు.
బతికే ఉండి, చిరిగిన కోటు వాపసిచ్చి,
ముసలాడై పంటినొప్పితో పోయాడేమో.

గీత మాత్రం ఉండిపోయింది.
చీకటి పడుతోందో, చలికి వేళ్లు కొంకర్లు పోయాయో,
తూకానికి కూలి గనక రెండో గాటు పెట్టకుండా
గుండీతో సహా పేలికని ఎరువు కుప్పలోకి విసిరేసిన
ఒక చెయ్యి.
ఎనిడ్ వెనక బీరువా నిండా పుస్తకాలున్నాయి,
ఏ దళం ఏ యేట ఏ బొమ్మ తొడిగిందో అన్నీ ఉన్నాయి.

కాగితంలో గళ్లు: దళం, కాలం, దొరికిన చోటు, ఎవరిది.
మొదటి గడిలో ఏడు వేసి ప్రశ్నార్థకం పెట్టింది.
చివరి గడి దగ్గర పెన్సిలు ఆగింది.
"కోసినామెది అని రాయండి" అన్నాను.
"దానికి ఈ గడి ఒప్పుకోదు" అంది.
అయినా రాసింది,
చెరపడానికి వీలుగా, సన్నగా.

పొలం పెట్లీది, సగం హక్కు ఆయనది.
ట్రాక్టరు దిగకుండానే ఎంత చేస్తుందన్నాడు.
"టీ కూడా రాదు."
కోటు కథ చెప్పాను, కత్తి సంగతీ చెప్పాను.
అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు,
స్తంభాల వైపు చూశాడు,
తిరిగి నా చేతిలో పెట్టి గేరు వేస్తూ,
"ఆ ఏడు బీరు బాగుండి ఉంటుంది" అన్నాడు.