కర్ర లేని ఇల్లు

పొయ్యి పక్కనుండే జీడితొక్క బస్తా
అటక మీదకెక్కింది.
ఆ సొన తగిలితే మన చేతులే బొబ్బలెక్కుతాయి,
నాలుక ఏటవుతాది?

ఫినాయిలు సీసా దేవుడి గూట్లో,
అగ్గిపెట్టె పక్కన.
"సామికి కొత్త నైవేద్యమా?" అని దాలమ్మ నవ్వింది.
కాలవ వైపు కంతకి రేకుముక్క అడ్డం పెట్టి
రెండు ఇటుకలు ఆనించాను.
తను కట్టి విడిచిన చీర
నాలుగు మడతలేసి గోనె మీద పరిచింది,
ఉతకలేదు.
వాసన తెలియాలట.

వారం కిందట, పలాస పశువుల ఆసుపత్రిలో
బల్ల కింద నుంచి రాలేదది.
"కర్ర చూస్తే ఉచ్చ పోసేస్తాది,
ఎవడు కొట్టాడో మరి," అన్నాడు
కాంపౌండరు లోకనాథం.

అప్పట్నుంచి ఇల్లంతా కర్రలే కనిపిస్తున్నాయి.
దండెం కర్ర. గొడుగు.
దోమతెర కర్రలు నాలుగు.
కొబ్బరీనెల చీపురు తలుపెనక దాచితే
దాలమ్మ మళ్ళీ బయట పెట్టింది:
"చీపురుక్కూడా భయపడితే ఎలా బతుకుతాది?
నేను ఊడుస్తాను. అది చూస్తాది."

నాకున్నది ఒకటే,
పదకొండేళ్ళుగా జీడి ఫ్యాక్టరీ చుట్టూ
రాత్రంతా నేల మీద టక్కుటక్కుమనిపించే లాఠీ.
ఈవేళ డ్యూటీ దిగి
దాన్ని గేటు గదిలోనే ఒగ్గేశాను.

ఇంకా తెల్లారలేదు.
కాశీబుగ్గ సందులో
వీధికుక్కలన్నీ ఒక్కసారే లేచాయి.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.
ఒక చెవితెగినది
మా అరుగు దాకా మొరుగుతూనే వచ్చింది.

"ఏం లేదే, ఇటు చూడు," అని
రెండు అరచేతులూ తెరిచి
దానికి చూపించాను.