ఇరవయ్యో ఫర్లాంగు

టిప్పరేరిలో మార్చి నెల.
వాన పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు.
ఇలాంటి రోజును మావాళ్లు మెత్తని రోజంటారు.
నేను టైగ్ లూబీని. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా
మగగుర్రాల పగ్గం పట్టుకుని బతుకుతున్నవాణ్ణి.

మా లాయంలో ఎదురెదురుగా రెండు గదులు.
ఎడమవైపు కాపర్ విజిల్.
ఐదు ఫర్లాంగులు, యాభై ఎనిమిది సెకన్లు.
మీరొక తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకుని, కళ్లజోడు సర్దుకునేలోగా
వాడి గొప్పదనమంతా అయిపోయింది.
ఈ ఏడు వాడికి నూట నలభై ఆడగుర్రాలు.
గేటు దాకా బండ్ల వరస.

కుడివైపు స్లేట్ హార్బర్.
ఇరవై ఫర్లాంగుల వాడు.
పదహారో ఫర్లాంగు దాకా ఎక్కడున్నాడో ఎవరికీ పట్టదు.
ముందున్నవాళ్ల ఊపిరి చిరుగుపట్టే చోట
వీడిది మొదలయ్యేది.
దమ్మంటే అది.
ఈ ఏడు వాడికి తొమ్మిది.
అందులో రెండు, కంచెలు దూకే పిల్లల కోసం వచ్చిన ముసలివి.
ఒకటి ఊరి ఫాదర్‌ది, రుసుము బదులు బంగాళాదుంపలు.

కొనేవాళ్లు గడియారం చూస్తారు. తప్పుపట్టను.
నాలుగేళ్లకు పండే గుర్రానికి
నాలుగేళ్ల మేత ఎవరు వేస్తారు?
రెండేళ్ల పిల్ల మే నెలకల్లా ఉరకాలి,
పిరుదులు బలిసి, మెడ పొట్టిగా, కన్ను కోపంగా.
పందేలు కురచవుతున్న కొద్దీ
వంశాలూ కురచవుతున్నాయి.
లోకం పరుగెత్తి పాలు తాగేవాడిదే;
నిలబడి నీళ్లు తాగేవాడికి
ఇప్పుడు నీళ్లు కూడా అమ్ముతున్నారు.

డెర్వ్లా హికీ వచ్చింది, ట్రెయిలర్‌లో ఒకే ఒక్క గుర్రంతో.
దాని తల్లీ, తల్లి తల్లీ దూరాల గుర్రాలే.
ఏదీ డబ్బు తేలేదు, ఏదీ మధ్యలో ఆగలేదు.
ఆమె ముందు కుడి గది దగ్గరే నిలబడింది.
స్లేట్ హార్బర్ పెదవితో ఆమె కోటు గుండీని తడిమాడు.
"మా నాన్నయితే నిన్నే అడిగేవాడు," అంది వాడితోనే.
తర్వాత నా వైపు తిరక్కుండా
"కొట్టం కప్పు కారుతోంది, టైగ్," అంది.
ఎడమ తలుపు గడియ నేనే తీశాను.

దాటడానికి రెండు నిమిషాలు పట్టలేదు.
అంతసేపూ ఎదుటి గదిలోంచి ఒక్క సకిలింపు లేదు.
ఎండుగడ్డి నమిలే చప్పుడు,
ఇంకా చాలా దూరం ఉందన్నట్టు.

చూడి కట్టింది.
మొయ్యడానికి అడ్డదారి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.
ఒక్క నిమిషం పరుగు కోసం
మూడు వందల నలభై రాత్రులు.

ఫిబ్రవరిలో, తెల్లవారుజామున మూడింటికి ఫోను.
వెళ్లేసరికి ఈనేసింది. ఆడపిల్ల.
తండ్రి రాగిరంగే,
కానీ ఆ కాళ్లు! ఎక్కడా అయిపోని కాళ్లు,
ఎటు విప్పాలో తెలియని మడతకుర్చీలా.
కాపర్ విజిల్ పిల్లలు అరగంటలో లేచి పాలు వెతుక్కుంటాయి.
ఇది గంట దాటినా లేవలేదు.
లేవబోయి, పడి, కాసేపు వాన విని,
మళ్లీ లేవబోయి.

బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం ఇద్దరం.
కప్పు ఇంకా బాగుచేయించలేదు. నా భుజం మీద ఒక్కో చుక్క.
డెర్వ్లా నవ్వుతోందో ఏడుస్తోందో చీకట్లో తెలియలేదు.
"అమ్మమ్మ," అంది.
అంతే అంది.

నేను గడియారం చూసుకోబోయి
చొక్కా చేతిని కిందికి లాక్కున్నాను.