ముచ్చికలు

తొమ్మిది మందిమి, తలా రెండొందల యాభై.
పేరంటాలు మాత్రం రెండొందలే ఇచ్చి
మిగతా యాభై శనివారం అంది.
ఆ శనివారం ఇంకా రాలేదు.

సువార్తకి కొడుకు పుట్టాడు
పెద్దాసుపత్రిలో, తెల్లారుగట్ల,
ఏటుకూరు రోడ్డు గోడౌన్లో మేం
కాయల మీద నీళ్ళు చిలకరిస్తున్న వేళకి.

కలకాలం ఉండేది కొనాలంది మస్తాన్‌బీ.
తినేది కాదు, చినిగేది కాదు,
వాడికి మీసాలొచ్చాక కూడా
బీరువాలోంచి తీసి చూసుకునేది.

అరండల్‌పేట స్టూడియోలో ఓ పిల్ల
పసివాళ్ళ అరికాళ్ళు అచ్చు తీసి
అద్దాల పెట్టెలో పెట్టి చూపించింది.
తల్లిపాల చుక్కని పూసలా గట్టిచేసి
గొలుసుకి వేలాడదీస్తారట. ఏడు వేలు.
మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.
కారిపోయిన పాలకి ఇంత ధరుందని
మాకెవరూ చెప్పలేదు.
మధ్యాహ్నం రెండింటికి రవిక తడిసి,
అది కనపడకుండా గోనెపట్టా అడ్డం కట్టుకుని
కాయ వెంట కాయ తుంచిన రోజులు.
అప్పట్లో ఎన్ని పూసలు నేలపాలయ్యాయో.

మా చేతుల సంగతి ఊరందరికీ తెలిసిందే.
ముచ్చికలు తీసి తీసి
గోరు కింద నిప్పు కాపురముంటుంది.
మజ్జిగతో కడుగు, చింతపండుతో తోము,
కొబ్బరినూనె పట్టించి గంటసేపు కూర్చో,
అయినా బిడ్డ కంటికి తగిలితే చాలు
వాడ వాడంతా లేస్తుంది.
నా కూతురి నోటికి చనుముచ్చిక అందించింది
మా ఆడబిడ్డ.
నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని
దొంగలా వంగాను.
దాని బుగ్గ ఎంత మెత్తనో
నా మోచేతికి తెలుసు.
కాయకీ రొమ్ముకీ ఒకటే మాట పెట్టిన మనిషెవరో గాని
మా గోడౌన్లో పనిచేసే ఉంటుంది.

పట్నంబజారు వెండికొట్లో
మొలతాడు, మురుగులు, గిలక్కాయ,
బొడ్డుపేగు దాచే తాయెత్తు.
అన్నీ వాడికే.
తల్లికేం లేవా అంటే
కొట్టు కుర్రాడు కాలిక్యులేటర్ వంక చూశాడు,
జవాబు అందులో ఉన్నట్టు.

మొన్న ఆసుపత్రిలో ఆయా కేకేసింది:
పదిహేడో మంచం, బాబు తల్లీ!
సువార్త రెండుసార్లు పలకలేదు,
పిలిచేది తననే అని తెలియక.

చివరికి లాలాపేటలో, స్టీలు సామాన్ల కొట్లో
చిన్న ముక్కున్న ఉగ్గుగిన్నె, నూట ఎనభై.
పేరు కొట్టే మనిషి మిషను చేతిలోకి తీసుకుని
బాబు పేరు చెప్పండమ్మా అన్నాడు.
ఇంకా పెట్టలేదు.
పోనీ ఇచ్చేవాళ్ళ పేర్లు?
తొమ్మిది పేర్లకి గిన్నె చాలదు,
పైగా పేరంటాలు యాభై బాకీ.
సువార్త అని కొట్టు, అన్నాను.
పిల్లాడి గిన్నె మీద తల్లి పేరేంటే అని
ఏసుమణి సణిగింది.
ఇంకెక్కడ కొట్టిస్తావ్ దాని పేరు
అంది మస్తాన్‌బీ. ఏసుమణి ఊరుకుంది.
జుయ్యిమని, చుక్క పక్కన చుక్క,
మూడక్షరాలు.

మిగిలిన రెండువేల ఇరవై
మడిచి గిన్నెలో పెట్టాం,
పనిలోకి నాలుగు రోజులు ఆలస్యంగా రా అని.

సువార్త ముందు నోట్లు చూడలేదు.
గిన్నె తిప్పింది.
దాని చదువు సంతకం వరకే,
అందుకే ఆ మూడక్షరాలూ గుర్తుపట్టింది.
చూపుడువేలితో చుక్కల మీద నడిచింది
ఒకసారి, మళ్ళీ ఒకసారి.
ఏడో నెల నుంచీ మిరపకాయ ముట్టని వేలు.
గోరు కింద ఎరుపు లేదు.
ఆ వేలే తీసుకెళ్ళి
వాడి కింది పెదవి మీద ఆనించింది.

వాడు ఏడవలేదు.
చీకాడు.

మంచం చుట్టూ నిలబడ్డ తొమ్మిది మందిమీ
చేతులు కొంగుల్లో దాచుకుని
చూస్తూ ఉండిపోయాం.